సికిల్ సెల్‌ను చూపే 13 కిలోబేస్ బ్యాండ్ మన ప్రాంతపు కుటుంబాలకు వర్తిస్తుందా?

ప్రశ్న: గుణుపురం (రాయగడ జిల్లా), ఎమ్మెస్సీ విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను బరంపురంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను, మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు కావడం వల్ల చదువుకున్న విషయాన్ని ఇంట్లోవాళ్లకు చెప్పవలసి వస్తే నాకు మాట అందదు. అందుకే దీన్ని తెలుగులోనే అడుగుతున్నాను, తెలుగులోనే జవాబు కోరుతున్నాను.

మా పెద్దమ్మ కూతురికి గత ఏడాది రక్తపరీక్షలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బుకు వాహకురాలని, అంటే జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలోనే ఆ మార్పు ఉందని తేలింది. ఆమె ఆరోగ్యంగానే ఉంది. ఇప్పుడు ఆమెను మా మేనమామ కొడుక్కి చేసుకోవాలని పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు. నేను జన్యుశాస్త్రం చదువుతున్నాను కాబట్టి, ఈ మేనరికం మంచిదో కాదో నన్నే చెప్పమంటున్నారు.

నా దగ్గరున్న పాఠ్యపుస్తకంలో, హెచ్‌పీఏ-వన్ అనే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో డీఎన్ఏను కోసి సదరన్ బ్లాట్ చేస్తే (ఆ ఎంజైమ్ నిర్ణీత అక్షరాల వరుస దగ్గరే కోస్తుంది, బ్లాట్ ఆ ముక్క పొడవు చూపిస్తుంది) మామూలు వారికి 7.6 కిలోబేస్‌ల, అంటే 7,600 అక్షరాల, బ్యాండ్, సికిల్ జన్యువు ఉన్నవారికి 13 కిలోబేస్‌ల బ్యాండ్ వస్తాయని ఉంది. ఆ పక్క పేజీలోనే ఎంఎస్‌టీ-టూ అనే మరో ఎంజైమ్‌తో 1.15, 1.35 కిలోబేస్‌ల బ్యాండ్లని ఉంది. ఒకే జబ్బుకు రెండు రకాల కొలతలు ఎందుకో, మా బావకు వీటిలో ఏది చేయించాలో నాకు అర్థం కావడం లేదు.

ఇంకొక సందేహం. మా ప్రయోగశాలలో లాంబ్డా అనే వైరస్ డీఎన్ఏను హిండ్-త్రీతో కోస్తే ఎనిమిది ముక్కలు రావాలన్నారు. ముక్కలను పొడవు ప్రకారం విడదీసే నా జెల్‌లో ఆరు మాత్రమే స్పష్టంగా కనబడ్డాయి. మనిషి డీఎన్ఏను ఈకో-ఆర్‌వన్‌తో కోస్తే ఒక్క బ్యాండూ రాలేదు, పైనుంచి కిందిదాకా గీసినట్టు మసకగా ఒక పొగచార వచ్చింది. ఎంజైమ్ రెట్టింపు వేసినా అదే వచ్చింది. నాకు మార్కులు తగ్గించారు. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలని ఉంది.

జవాబు: పర్లాకిమిడి, విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, జెల్ సంగతి ముందు తేల్చుకుందాం. అది తేలితే మీ పెద్ద ప్రశ్న సగం తేలినట్టే.

లాంబ్డా డీఎన్ఏ పొడవు 48,502 బేస్ జతలు, అంటే అక్షరాల జతలు. హిండ్-త్రీ దాన్ని ఏడుచోట్ల కోస్తుంది. వచ్చే ముక్కలు 23,130, 9,416, 6,557, 4,361, 2,322, 2,027, 564, 125. జెల్‌కు పట్టించే ఎథిడియం బ్రోమైడ్ రంగు ముక్కకు ఇంత అని లెక్కగా అంటదు, పొడవు కొద్దీ అంటుతుంది. మీరు గుంటలో 500 నానోగ్రాముల డీఎన్ఏ వేశారనుకుంటే అందులో 125 జతల ముక్క వాటా 1.3 నానోగ్రాములే. అంత తక్కువ సామాన్యంగా కంటికి ఆనదు. 564 ముక్క వాటా ఆరు నానోగ్రాములకు కాస్త తక్కువ, కాబట్టి అది లీలగా కనబడి ఉంటుంది. ఇక మీకు దొరకని రెండో బ్యాండ్ బహుశా 4,361 అయి ఉంటుంది. లాంబ్డా రెండు కొసలకూ పన్నెండేసి అక్షరాల ఒంటిపోగు తోకలు ఉంటాయి, అవి ఒకదానికొకటి జతపడే తోకలు. ఎడమ కొస 23,130 ముక్కలోనూ కుడి కొస 4,361 ముక్కలోనూ పడతాయి కాబట్టి ఆ రెండూ అతుక్కుని పైనెక్కడో కలిసి నడుస్తాయి, 4,361 ఉండవలసిన చోటు వెలవెలబోతుంది. జెల్‌లో వేయడానికి ముందు నమూనాను 65 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేసి వెంటనే మంచులో పెట్టండి, ఆ బ్యాండ్ తిరిగి వస్తుంది.

మనిషి డీఎన్ఏలో పొగచార రావడం తప్పు కాదు, కోత బాగా పడిందనడానికి అదే సాక్ష్యం. ఈకో-ఆర్‌వన్ ఆరు అక్షరాల వరుసను, అంటే జీఏఏటీటీసీని వెతికి కోస్తుంది. నాలుగు అక్షరాలూ సమానంగా పరచుకుని ఉన్నాయనుకుంటే అటువంటి వరుస సగటున 4,096 అక్షరాలకు ఒకసారి తగులుతుంది. మన జన్యురాశి దాదాపు 310 కోట్ల జతలు, కనుక ఏడున్నర లక్షల ముక్కలు తయారవుతాయి. అన్ని లక్షల బ్యాండ్లు ఒక జానెడు జెల్‌లో పక్కపక్కన పడితే విడివిడిగా ఎలా కనబడతాయి? కోత పడకపోతే డీఎన్ఏ గుంట దగ్గరే మందంగా నిలిచిపోయేది. మార్కులు తగ్గించినవారితో ఈ లెక్క చూపించి మర్యాదగా మాట్లాడండి. ఎంజైమ్ రెట్టింపు వేయడం మాత్రం ఇకముందు చేయకండి. అది సగానికి సగం గ్లిసరాల్‌లో నిల్వ ఉంటుంది. మొత్తం ద్రవంలో ఎంజైమ్ పదో వంతు దాటితే గ్లిసరాల్ శాతం పెరిగి ఈకో-ఆర్‌వన్ తన వరుసను పోలిన ఇతర వరుసలను కూడా కోయడం మొదలుపెడుతుంది.

ఈ లక్షల ముక్కల్లోంచి మనకు కావలసిన ఒక్క ముక్కను చూపించే ఉపాయాన్ని 1975లో ఎడ్విన్ సదరన్ ప్రకటించారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇది ఎన్నోసార్లు విద్యార్థుల చేత చేయించాను. ముందుగా జెల్‌ను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పది పదిహేను నిమిషాలు ఉంచుతాం, పెద్ద ముక్కలు అక్కడక్కడ విరిగి తేలికగా కదలడానికి. ఆ కాసేపట్లో నమూనాతో కలిపి వేసిన నీలిరంగు గీత పసుపుపచ్చగా మారుతుంది. క్షారంలోకి మార్చగానే మళ్లీ నీలమవుతుంది. గడియారం కన్నా ఆ రంగునే నేను ఎక్కువగా నమ్మేవాణ్ని. క్షారంలో డీఎన్ఏ రెండు పోగులూ విడిపోతాయి. ఆపైన ఉప్పునీటి పళ్లెం మీద తడి కాగితం, దాని మీద జెల్, జెల్ మీద నైలాన్ పొర, పొర మీద జానెడు ఎత్తున పొడి కాగితాలు, అన్నిటి మీదా అరకిలో బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తాం. పొడి కాగితాలు ఉప్పునీటిని పైకి పీల్చుకుంటుంటే ఆ నీటితోపాటు డీఎన్ఏ జెల్‌లోంచి లేచి, ఏ వరుసలో ఉన్నది ఆ వరుసలోనే పొరకు అంటుకుంటుంది. తెల్లారేసరికి జెల్ అప్పడంలా పలచబడి ఉంటుంది. జెల్‌కూ పొరకూ మధ్య ఒక్క గాలిబుడగ మిగిలినా అక్కడ బ్యాండ్ ఉండదు, ఖాళీ వలయం ఉంటుంది. అందుకే పొర పరిచాక దాని మీద గాజుకడ్డీని దొర్లించి బుడగలన్నీ అంచుకు తోసేయాలి. ఆ తర్వాత మనకు తెలిసిన వరుస గల గుర్తుపెట్టిన ముక్కను, అంటే ప్రోబ్‌ను, పొర మీద వదిలితే అది తన జతను వెతుక్కుని అక్కడే కూర్చుంటుంది. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రోబ్ వేస్తే బీటా గ్లోబిన్ జన్యువున్న ముక్క ఒక్కటే వెలుగుతుంది.

ప్రోబ్ మనిషిదే కానక్కరలేదు. లాల్జీ సింగ్ గారు కట్లపాము జాతికి చెందిన ఒక పాము డీఎన్ఏలో గుర్తించిన బీకేఎం అనే వరుసను ప్రోబ్‌గా వాడి హైదరాబాదు సీసీఎంబీలో మనుషుల డీఎన్ఏ వేలిముద్రలు తీశారు. ఆ పాము ప్రజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన బంగారస్ అన్న పేరు మన బంగారు అన్న మాటనుంచే వచ్చింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. హెచ్‌పీఏ-వన్, ఎంఎస్‌టీ-టూ చూపించేవి ఒకటి కావు. సికిల్ జబ్బులో బీటా గ్లోబిన్ జన్యువు ఆరో కోడాన్‌లో, అంటే ఆరో మూడక్షరాల మాటలో, జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది, గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ చేరుతుంది. ఎంఎస్‌టీ-టూ వెతికే వరుస సీసీటీ, ఆ తర్వాత ఏదైనా ఒక అక్షరం, ఆపైన ఏజీజీ. మామూలు జన్యువులో అయిదు, ఆరు, ఏడు కోడాన్ల దగ్గర సరిగ్గా ఆ వరుసే ఉంది. ఏ పోయి టీ వచ్చేసరికి ఎంజైమ్ దాన్ని గుర్తుపట్టదు, కోత పడవలసిన చోట పడదు, 1.15, 0.2గా రావలసిన రెండు ముక్కలు కలిసి 1.35గానే నిలిచిపోతాయి. అంటే జబ్బుకు కారణమైన మార్పునే మనం నేరుగా చూస్తున్నాం. మనిషి ఏ దేశంవాడైనా, ఏ కులంవాడైనా ఇది మారదు.

హెచ్‌పీఏ-వన్ సంగతి వేరు. 1978లో కాన్, డోజీ కనిపెట్టిన ఆ కోత చోటు జన్యువు లోపల లేదు, దాని దిగువన కొన్ని వేల అక్షరాల దూరంలో ఉంది. దానివల్ల జబ్బు రాదు. అమెరికాలోని ఆఫ్రికా సంతతి కుటుంబాల్లో సికిల్ మార్పు ఉన్న క్రోమోజోమ్‌ల మీద చాలావరకు ఆ కోత చోటు కూడా లేకపోవడం వల్ల 13 కిలోబేస్ ముక్క అక్కడ గుర్తుగా పనికొచ్చింది. ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లు తరతరాలుగా కలిసి ఊళ్లు మారినట్టు ఆ రెండూ కలిసి వచ్చాయి, అంతే. మన ఒడిశా వైపు సికిల్ జన్యువు వేరే ఇరుగుపొరుగుతో వచ్చింది. 1986లో కులోజిక్ బృందం ఒడిశాలోనూ సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలోనూ ఇటువంటి కోత చోట్లను వరుసగా పరిశీలించి, రెండుచోట్లా ఒకే రకమైన హాప్లోటైప్ (ఒకే క్రోమోజోమ్ మీద కలిసి వచ్చే గుర్తుల కూర్పు) ఉందనీ అది ఆఫ్రికా రకాలకు భిన్నమనీ చూపించింది. కాబట్టి 13 కిలోబేస్ బ్యాండ్ లేదని మీ బావకు సికిల్ జన్యువు లేదని అనుకుంటే ఘోరమైన పొరపాటు అవుతుంది. మీ ప్రశ్నకు నా సూటి సమాధానం: ఆ కొలత మన కుటుంబాలకు వర్తించదు.

జవాబు: సిరొంచ (గడ్చిరోలి జిల్లా), రక్తపరీక్షల ప్రయోగశాల ఉద్యోగిని

చెల్లీ, మాస్టారు చెప్పింది చదివి సంతోషించాను. మా ప్రాణహిత ఒడ్డున కూడా సికిల్ ఇంటింటి మాట, అందుకే పరీక్ష వైపునుంచి నాలుగు మాటలు రాస్తున్నాను.

వాహకుడా కాదా అని తెలుసుకోవడానికి ఈ రోజుల్లో ఎవరూ సదరన్ బ్లాట్ చేయరు. ముందు హిమోగ్లోబిన్ ద్రవంలో కరుగుతుందా అని చూసే సాల్యుబిలిటీ పరీక్ష చేస్తారు, అందులో అనుమానం వస్తే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో హిమోగ్లోబిన్ రకాల శాతాలు చూస్తారు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకున్నారు, కాబట్టి మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. సాల్యుబిలిటీ ఒక్కటే చేయించుకుని ఊరుకోవద్దు. అది ఎస్ రకాన్ని, అంటే సికిల్ హిమోగ్లోబిన్‌ను మాత్రమే పట్టుకుంటుంది, బీటా గ్లోబిన్ తక్కువగా తయారయ్యే బీటా థలసీమియా అనే జబ్బు వాహకుణ్ని పట్టుకోదు. మీ అక్కకు ఎస్ జన్యువు ఉండి, మీ బావకు థలసీమియా జన్యువు ఉంటే, ఆ రెండూ కలిసి పుట్టిన బిడ్డకు కూడా సికిల్ జబ్బే వస్తుంది. అటువంటి బిడ్డ డీఎన్ఏను ఎంఎస్‌టీ-టూతో కోస్తే 1.15, 1.35 రెండూ కనబడి వాహకుడిలాగే ఉంటాడు, బాధ మాత్రం రోగిదే. ఒక ఎంజైమ్ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుందని మాకు నేర్పింది ఇలాంటి పిల్లలే.

మాస్టారు చెప్పిన ఒడిశా, సౌదీ హాప్లోటైప్‌ను అరబ్-భారతీయ హాప్లోటైప్ అంటారు, అందులో గామా గ్లోబిన్ జన్యువు ముందు ఎక్స్ఎంఎన్-వన్ కోత చోటు ఒకటి ఉంటుంది. అది ఉన్నవారిలో కడుపులో ఉన్నప్పటి పిండ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగిలి, సగటున జబ్బు తీవ్రత కొంత తగ్గుతుంది. దీన్ని విని మన వైపు సికిల్ తేలికదేలే అనే పెద్దలున్నారు. దయచేసి ఆ మాట ఇంట్లో అననివ్వకండి. నొప్పి తట్టుకోలేక అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చే పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను.

మేనరికం లెక్క ఇలా చెప్పండి. మీ అక్కకు ఆ జన్యువు పెద్దమ్మ వైపునుంచి వచ్చి ఉంటే, అది తాతగారిదో అమ్మమ్మదో అయి ఉండాలి. అప్పుడు మీ మేనమామకు ఉండే అవకాశం సగం, బావకు పావు. బావ కూడా వాహకుడైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అతను వాహకుడు కాక, థలసీమియా కూడా లేకపోతే పిల్లలకు ఈ జబ్బు రాదు, వాహకులు మాత్రం కావచ్చు. పెద్దనాన్న వైపునుంచి వచ్చి ఉంటే ఈ లెక్క మారిపోతుంది, కనుక ముందు పెద్దమ్మకూ పెద్దనాన్నకూ పరీక్ష చేయించండి.

మళ్లీ ప్రశ్న: గుణుపురం విద్యార్థిని

మాస్టారూ, అక్కా, మీ ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. రాత్రి అమ్మకూ పెద్దమ్మకూ మొత్తం తెలుగులో చదివి వినిపించాను; ఇరుగుపొరుగు పోలిక వినగానే పెద్దమ్మకు విషయం అర్థమైంది.

ఒక చిక్కు వచ్చింది. బావకు రెండు నెలల క్రితం మోటారుసైకిల్ ప్రమాదంలో రక్తం బాగా పోతే మూడు యూనిట్లు ఎక్కించారు. ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ చేయించవచ్చా?

మాస్టారూ, డీఎన్ఏ మీద కోత చోట్లు ఎక్కడున్నాయో చూపే మ్యాపు గురించి కూడా ఒకటి అడగాలి. పది కిలోబేస్‌ల సరళమైన ముక్కను ఈకో-ఆర్‌వన్‌తో కోస్తే 3, 7 వచ్చాయి, బామ్-హెచ్‌వన్‌తో కోస్తే 2, 8 వచ్చాయి. రెండింటితో కలిపి కోస్తే 1, 2, 7 వచ్చాయి. దీన్నుంచి చోట్లను ఎలా నిర్ణయించాలి?

జవాబు: పర్లాకిమిడి, విశ్రాంత అధ్యాపకుడు

కాగితం మీద పది గళ్ల గీత గీయండి. ఈకో-ఆర్‌వన్‌ను ఎడమనుంచి మూడో గడి దగ్గర పెట్టండి. బామ్-హెచ్‌వన్‌కు రెండే తావులు ఉన్నాయి, ఎడమనుంచి రెండు లేదా కుడినుంచి రెండు. కుడివైపు పెడితే జంట కోతలో 3, 5, 2 రావాలి. మీకు 5 రాలేదు, 1 వచ్చింది. కాబట్టి రెండు చోట్లూ ఒకే కొస దగ్గర ఉన్నాయి: 2 దగ్గర బామ్-హెచ్‌వన్, 3 దగ్గర ఈకో-ఆర్‌వన్. ఆ కొస ఎడమదా కుడిదా అన్నది ఈ అంకెలు చెప్పవు. ఎడమ కొసకు చెందిన ప్రోబ్‌తో బ్లాట్ చేసి 2 కిలోబేస్ ముక్క వెలిగితే ఎడమ, 7 వెలిగితే కుడి. డాన్నా, నేథన్స్ 1971లో ఎస్‌వీ-40 వైరస్‌ను పదకొండు ముక్కలుగా కోసి, ఆపైన వాటి వరుస తేల్చింది ఈ కోవకు చెందిన తర్కంతోనే. పని పెద్దది, ఆలోచన ఇదే.

జన్యువు ఎక్కడుందో బొత్తిగా తెలియనప్పుడు మ్యాపు కుటుంబాల మీద గీస్తారు. 1983లో హంటింగ్టన్ అనే వంశపారంపర్య మెదడు జబ్బు జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని తేలింది అలాగే: వెనిజువేలాలోని మారకైబో సరస్సు తీరపు పెద్ద కుటుంబంలో హిండ్-త్రీ కోతల తేడాలు జబ్బుతోపాటు తరం తర్వాత తరం నడవడం చూశారు. కానీ గుర్తు దొరికాక అసలు జన్యువు చేతికి రావడానికి 1993 దాకా పట్టింది. ఆ పదేళ్లూ వారి దగ్గర ఉన్నది ఇరుగుపొరుగు ఇల్లే, అసలు ఇల్లు కాదు.

జవాబు: సిరొంచ, ప్రయోగశాల ఉద్యోగిని

చెల్లీ, ఆ రక్తం విషయం అడగడం చాలా మంచిదయింది. ఎర్రకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి. రెండు నెలల నాటి దాత కణాలు మీ బావ రక్తంలో ఇంకా ఉన్నాయి కాబట్టి ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ చేస్తే శాతాలు ఎవరివో తెలియదు. దాతల్లో ఒకరు వాహకుడైతే లేని ఎస్ ఉన్నట్టు కనబడవచ్చు, బావకు థలసీమియా లక్షణం ఉంటే అది మరుగున పడవచ్చు. చివరిసారి రక్తం ఎక్కించిన రోజునుంచి కనీసం మూడు నెలలు, వీలైతే నాలుగు, ఆగి హెచ్‌పీఎల్‌సీ చేయించండి.

పెద్దవాళ్లు ఆగలేకపోతే ఎస్ మార్పు ఒక్కదానికి డీఎన్ఏ పరీక్ష చేయించవచ్చు. అందులో చూసేది తెల్లకణాల డీఎన్ఏను, ఎర్రకణాలకు కేంద్రకమే లేదు. ఎక్కించిన రక్తంలోని తెల్లకణాలు ఇన్ని వారాలు గడిచాక ఫలితాన్ని మార్చేంత మిగలవు. పీసీఆర్‌తో ఆ చిన్న భాగాన్ని పెంచి డీడీఈ-వన్ ఎంజైమ్‌తో కోస్తారు, సికిల్ మార్పు దాని కోత చోటును కూడా చెరిపేస్తుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త మాత్రం అడిగి తీసుకోండి. ఎంజైమ్ పని పూర్తిగా చేయకపోతే మామూలు మనిషి డీఎన్ఏలో కూడా కోత పడని ముక్క కొంత మిగిలి అతను వాహకుడిలా కనబడతాడు. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదిలో ఒక జెల్‌ను అలాగే చదవబోయాను. పక్కన వేసిన మామూలు నమూనా కూడా వాహకుడిలాగే కనబడటంతో ఆగి మళ్లీ చేశాను. అందుకని పెంచిన ముక్కలో మార్పుతో సంబంధం లేని మరో డీడీఈ-వన్ కోత చోటు ఉండేలా చూసుకుంటాం, అది పూర్తిగా కోయబడితేనే మిగతాది నమ్ముతాం. ఆ జెల్‌లోనే తెలిసిన మామూలు నమూనా, తెలిసిన వాహకుడి నమూనా పక్కపక్కన వేశారా అని అడగండి. థలసీమియాకు మాత్రం పైన చెప్పిన గడువు దాటాక చేసే హెచ్‌పీఎల్‌సీ తప్పదు, కాబట్టి లగ్నం ఆ తర్వాతే పెట్టుకోమని పెద్దమ్మతో చెప్పండి.